డకోటాకు చావు లేదంటారు

మావైపు డొక్కు బస్సును డకోటా అంటారు. కిటికీలు గడగడలాడుతూ, గేరు మారినప్పుడల్లా మూలుగుతూ, ఒకసారి ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుందో లేదో తెలియని బండి కనిపిస్తే చాలు, "అదిగో డకోటా వచ్చింది" అనేవాళ్లం. చిన్నప్పుడు ఈ మాట మా పెదనాన్న ముందు అనేసి చీవాట్లు తిన్నాను. ఆయన బేగంపేటలో డకోటా విమానాల మెకానిక్. డెక్కన్ ఎయిర్‌వేస్‌లో హెల్పర్‌గా చేరాడు. 1953 ఆగస్టులో దేశంలోని ఎనిమిది కంపెనీల సర్వీసులను కలిపేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ పెట్టినప్పుడు అందరితో పాటు అటు మారాడు, అక్కడే రిటైరయ్యాడు.

"డకోటా అంటే ఏమనుకున్నవ్ రా? దానికి సావు లేదు" అన్నాడు ఆ రోజు.

తర్వాత ఆ మాట ఆయన నోట కనీసం వందసార్లు విని ఉంటాను. కథలు కూడా అలాగే, ప్రతి పండక్కీ అవే. ఇంజిన్ కింద నేల మీద నూనె మరక లేకపోతే భయపడాలట. కారడం లేదంటే నూనె అయిపోయిందని అర్థం. పొద్దున్నే స్టార్ట్ చేసే ముందు ఇద్దరు మనుషులు ప్రొపెల్లర్ రెక్కను పట్టుకుని, ఒక్కో రెక్కా లెక్కపెడుతూ చేత్తో తిప్పేవారు. ఆ ఇంజిన్‌లో సిలిండర్లు గుండ్రంగా, పువ్వు రేకుల్లా అమర్చి ఉంటాయి. రాత్రంతా ఆగి ఉంటే నూనె కిందివైపు సిలిండర్లలోకి దిగుతుంది. అది చూసుకోకుండా స్టార్టర్ నొక్కితే లోపల కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తిప్పుతుంటే ఎక్కడైనా బిగుసుకున్నట్టు అనిపిస్తే ఆపేయాలి, బలం పెట్టకూడదు. "చెయ్యి చెప్తది" అనేవాడు పెదనాన్న, అరచెయ్యి నాకు చూపించి. విమానం తోక నేల మీద ఆని ఉండేది కాబట్టి లోపల నడవ ఏటవాలుగా, గుట్ట ఎక్కినట్టు ఉండేదట. ప్రయాణికులకు చెవుల్లో పెట్టుకోవడానికి దూది, చప్పరించడానికి పిప్పరమెంట్లు ఇచ్చేవారట.

ఈ కథల్లో పడి నేను కూడా చాలా ఏళ్లు డకోటా భక్తుడిగానే ఉన్నాను. అందులోంచి బయటపడటానికి నాకు ఒక వాట్సాప్ గొడవ కావాల్సి వచ్చింది.

2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో బోయింగ్ 787 కూలిన రెండో రోజుకే మా ఫ్యామిలీ గ్రూపు రెండు ముక్కలైంది. ఒక వర్గం "పైలట్ తప్పే" అని తీర్పు ఇచ్చేసింది. ఇంకో వర్గానికి మా బావ నాయకుడు. "ఈ కంప్యూటర్ విమానాలకంటే మామయ్య రిపేర్ చేసిన డకోటాలే నయం. ఇనుము లాంటివి. ఇప్పటికీ ఎక్కడో ఒకచోట ఎగురుతూనే ఉన్నాయి" అని పెట్టాడు. కింద హెచ్ఎంటీ వాచీ, అంబాసిడర్ కారు, ఇత్తడి బిందె బొమ్మలతో ఒక ఫార్వర్డ్. నలభై మందిలో ముప్పై మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను జవాబు టైప్ చేయడం మొదలుపెట్టి సగంలో ఆపేశాను. అది మెసేజ్‌లో పట్టేది కాదు. ఆ సగం జవాబే ఈ వ్యాసం.

బావ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. డగ్లస్ కంపెనీ డీసీ-3 మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబరు 17న. దాని యుద్ధకాలపు రూపాన్ని అమెరికన్లు సీ-47 అన్నారు, బ్రిటిష్‌వాళ్లు డకోటా అన్నారు, మనకు ఆ పేరే మిగిలింది. అవి పదివేలకు పైగా తయారయ్యాయి. యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం మన దేశంలో వదిలేసినవి చవగ్గా అమ్ముడుపోయాయి. బెంగళూరు హెచ్ఏఎల్‌లో వాటికి సీట్లు బిగించి ప్రయాణికుల విమానాలుగా మార్చారు. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో మన సైనికుల్ని దించింది ఇవే. చైనాలో 1941లో జపాన్ బాంబులకు ఒక డీసీ-3 రెక్క విరిగిపోతే, దాని అన్న డీసీ-2 రెక్కను తెచ్చి తగిలించారు. ఒక రెక్క పొడుగు, ఒక రెక్క పొట్టి. అయినా ఎగిరింది. దానికి డీసీ-రెండున్నర అని పేరు పెట్టారు. పెదనాన్న ఈ కథ చెప్పేటప్పుడు రెండు చేతులూ చాచి, ఒక మోచెయ్యి కొంచెం మడిచి, వరండాలో ఒక రౌండ్ కొట్టేవాడు.

అన్నీ నిజాలే. కానీ ఇవన్నీ తిరిగొచ్చిన విమానాలు చెప్పిన సాక్ష్యాలు. తిరిగిరానివి సాక్ష్యం చెప్పవు కదా.

ఈ ఆలోచన నాది కాదు. అబ్రహాం వాల్డ్ అనే గణితవేత్తది. 1902లో, అప్పటి హంగరీలోని కొలోజ్‌వార్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. నాజీలు వియన్నాను ఆక్రమించాక అమెరికా చేరాడు. యుద్ధంలో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక గణాంక బృందం సైన్యానికి లెక్కలు కట్టేది. ఆయన అందులో ఉన్నాడు. దాడులకు వెళ్లి తిరిగొచ్చిన బాంబర్ల ఒంటి మీద ఎక్కడెక్కడ గుళ్లు తగిలాయో లెక్క ఉంది. ఎక్కడ కవచం వేయాలి? ఎక్కువ చిల్లులు ఉన్నచోట అని ఎవరైనా అంటారు. వాల్డ్ లెక్క వేరేగా నడుస్తుంది. ఈ చిల్లులున్నవి ఇంటికి వచ్చాయి, అంటే అక్కడ తగిలినా విమానం బతుకుతుంది. చిల్లులు కనపడని చోటు, ఉదాహరణకు ఇంజిన్, అక్కడ తగిలినవి ఇంటికి రాలేదు. ఇంటర్నెట్‌లో ఎర్రచుక్కల విమానం బొమ్మ ఒకటి తిరుగుతుంటుంది, అది ఆయన గీసింది కాదు, చాలా తర్వాత ఎవరో చేసినది. ఆయన రాసినవి సమీకరణాలు నిండిన పొడి మెమోలు. మన డిగ్రీ స్టాటిస్టిక్స్ పిల్లలకు ఆయన ఇంకో దారిలో తెలుసు. వాల్డ్ టెస్ట్, దాని పక్కనే రావు స్కోర్ టెస్ట్. ఆ రావు మన వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న సి.ఆర్. రావు.

1950లో వాల్డ్ ఉపన్యాసాలు ఇవ్వడానికి మన దేశం వచ్చాడు, భార్యతో కలిసి. డిసెంబరు 13న వాళ్లు ఎక్కిన ఎయిర్ ఇండియా విమానం నీలగిరుల్లో, కోటగిరి దగ్గర కొండను ఢీకొట్టింది. దారి తప్పడమే కారణం. విమానంలో ఉన్న 21 మందీ పోయారు. వాల్డ్‌కు అప్పటికి 48 ఏళ్లు.

ఆ విమానం డకోటా రకందే.

ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. తిరిగిరాని విమానాల గురించి ఆలోచించమని ప్రపంచానికి నేర్పిన మనిషి తిరిగిరాని విమానంలో వెళ్లిపోయాడు, అదీ మన పక్కనే ఉన్న కొండల్లో. మా ఇంట్లో చావు లేదని చెప్పుకునే విమానంలో.

ఇంకో విమానం సంగతి చూడండి. కేఎల్ఎం అనే డచ్చి కంపెనీ 1934 అక్టోబరులో లండన్ నుంచి మెల్‌బోర్న్ దాకా జరిగిన పందెంలో ఒక డీసీ-2ను దింపింది. పేరు ఉయివర్, అంటే కొంగ. కొందరు పందెం కోసమే కట్టిన విమానాల్లో వస్తే ఇది మామూలు ప్యాసింజర్ విమానం, లోపల నిజంగా ప్రయాణికులు కూడా ఉన్నారు. చివరి మెట్టులో ఆస్ట్రేలియాలో రాత్రిపూట తుఫానులో చిక్కుకుని ఆల్బరీ అనే ఊరిమీద చక్కర్లు కొడుతుంటే, ఊళ్లోవాళ్లు రేడియో పిలుపు విని కార్లేసుకుని గుర్రప్పందేల మైదానానికి పరుగెత్తారు. వరసగా నిలబెట్టిన కార్ల హెడ్‌లైట్ల వెలుతురులో విమానం దిగింది. మర్నాడు బురదలో కూరుకుపోతే ఊరంతా కలిసి తాళ్లు కట్టి లాగారు. పందెంలో రెండో స్థానం వచ్చింది. ఆ ఊరివాళ్లు ఆ రాత్రి గురించి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

అదే ఉయివర్ ఆ తర్వాత రెండు నెలలు తిరగకముందే, 1934 డిసెంబరు 20న, బటావియా దారిలో ఇరాక్ ఎడారిలో రుత్‌బా దగ్గర కూలింది. ఏడుగురూ పోయారు. హెడ్‌లైట్ల కథ తెలిసినవాళ్లలో ఎంతమందికి రుత్‌బా తెలుసు? నాకు మాత్రం హెడ్‌లైట్ల కథ ముప్పై ఏళ్ల క్రితం తెలుసు, రుత్‌బా నిరుడు తెలిసింది.

బావ వెంటనే అంటాడు, "కొండకు గుద్దుకుంటే విమానం తప్పేముంది? అది దారి తప్పిన మనిషి తప్పు" అని. డకోటా భక్తులందరి ఆఖరి అస్త్రం ఇదే. విమానం గట్టిది, మనిషే బలహీనుడు.

కానీ కొండకు అంత దగ్గర్లో ఎందుకు ఎగురుతున్నట్టు? డకోటా లోపల గాలి ఒత్తిడి నిలిపి ఉంచే ఏర్పాటు లేదు. ఇప్పటి విమానాల్లా ముప్పై నలభై వేల అడుగులు ఎక్కితే లోపలివాళ్లకు ఊపిరి ఆడదు. అందుకని ఎనిమిది, పదివేల అడుగుల్లోనే తిరగాలి. మబ్బులు, వానలు, కొండలు అన్నీ ఉండేది కూడా ఆ అంతస్తులోనే. మబ్బు లోపల ఏముందో చూపించే రాడార్ లేదు. ఇంత వేగంతో ఇన్ని నిమిషాలు ఈ దిక్కుకు వెళ్లాం కాబట్టి ఇక్కడ ఉండాలి అని లెక్క కట్టుకోవడం, కింద దారి చెప్పే రేడియో బీకన్ ఉంటే దాని వైపు సూది తిరుగుతుందేమో చూసుకోవడం. గాలి పక్కకు తోస్తే ఆ లెక్క తప్పుతుంది. తప్పిందని చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. 1942 జనవరి 16న అమెరికాలో టీడబ్ల్యూఏ అనే విమాన కంపెనీ డీసీ-3 లాస్ వేగస్ నుంచి లేచిన పావుగంటకే పొటోసి పర్వతానికి గుద్దుకుంది. సినిమా నటి కరోల్ లాంబార్డ్‌తో సహా 22 మంది పోయారు. ఆ రాత్రి మబ్బులు కూడా లేవు. యుద్ధం వల్ల దారి చూపే దీపస్తంభాలు చాలావరకు ఆర్పేసి ఉన్నాయి, చీకట్లో కొండ కనపడలేదు. అంటే ఆ రోజుల్లో విమానం, బీకన్, మ్యాప్, వాతావరణ కబురు, వీటన్నిటి లోటునూ పూడ్చే బాధ్యత ఇద్దరు మనుషుల కళ్ల మీద పెట్టారు. ఆ కళ్లు ఒక్కసారి మోసపోతే మనిషి తప్పు అన్నారు.

ఇక రెండు ఇంజిన్ల సంగతి. పెదనాన్నకు ఇది మహా ఇష్టమైన సబ్జెక్టు. "ఒకటి పోతే ఇంకోటి ఉంటది" అనేవాడు.

ఈ భరోసా వెనక కూడా ఒక ప్రమాదం ఉంది. 1931 మార్చి 31న కాన్సస్‌లో ఫోకర్ విమానం ఒకటి కూలింది. దానికి మూడు ఇంజిన్లు, కానీ రెక్కలు చెక్కవి. లోపల చెమ్మ చేరి జిగురు వదిలేసి రెక్క ఊడిపోయింది. ఫుట్‌బాల్ కోచ్ న్యూట్ రాక్నీ అందులో పోవడంతో దేశమంతా గొడవైంది. టీడబ్ల్యూఏ కంపెనీ 1932లో లోహపు విమానం కావాలని తయారీదార్లకు ఉత్తరం రాసింది. డగ్లస్ రెండు ఇంజిన్లు చాలంటే, అయితే మా ఏ ఎయిర్‌పోర్టు నుంచైనా ఒక ఇంజిన్ ఆగిపోయినా నిండు బరువుతో లేవగలగాలని షరతు పెట్టింది. డగ్లస్ డీసీ-1 చేసి చూపించింది. అరిజోనాలో ఎత్తు మీద ఉన్న విన్స్‌లో నుంచి లేచేటప్పుడు ఒక ఇంజిన్ ఆపేసి, ఒంటి ఇంజిన్‌తో అల్బుకర్కీ దాకా వెళ్లింది. డీసీ-2, డీసీ-3 ఆ తల్లి పిల్లలే.

పరీక్ష రోజు విమానం కొత్తది, పైలట్ ఎదురుచూస్తూ ఉన్నాడు, ఏ ఇంజిన్ ఎప్పుడు ఆగుతుందో ముందే తెలుసు. నిజం అలా ఉండదు.

ఇద్దరి జీతాల మీద నడిచే ఇల్లు అనుకోండి. అద్దె, కరెంటు, పిల్లల ఫీజులు పోను నెలకు కాస్త మిగులుతుంది. ఒకరి ఉద్యోగం పోయింది. ఆదాయం సగమే తగ్గింది, కానీ మిగులు సగం తగ్గదు, మొత్తం పోతుంది. విమానానికి పైకెక్కే బలం ఆ మిగులు. ఇంజిన్ల శక్తిలో ఎక్కువ భాగం ఉన్న ఎత్తులో నిలబడటానికే ఖర్చైపోతుంది. పైగా ఆగిపోయిన ఇంజిన్ ప్రొపెల్లర్ ఊరుకోదు, ఎదురుగాలికి తిరుగుతూ పెద్ద పళ్లెంలా అడ్డం పడుతుంది. దాని రెక్కలను అంచు గాలికి ఎదురుగా వచ్చేలా తిప్పేయాలి, దాన్నే ఫెదరింగ్ అంటారు. అలా పూర్తిగా తిప్పగలిగే ప్రొపెల్లర్లు 1938 ప్రాంతంలో గానీ రాలేదు. ఇంకోవైపు విమానం చచ్చిన ఇంజిన్ వైపుకు తిరిగిపోతుంటుంది. రెండో వైపు కాలితో పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోవాలి. ఏ కాలికి పని లేకుండా పోయిందో ఆ వైపు ఇంజిన్ పోయినట్టు, "డెడ్ ఫుట్, డెడ్ ఇంజిన్" అని పైలట్లకు బడిలో చెప్తారు. ఎందుకు చెప్తారంటే కంగారులో బతికున్న ఇంజిన్‌ను ఆపేసినవాళ్లు ఉన్నారు కాబట్టి. వేగం ఒక గీత కంటే తగ్గితే కాలు ఎంత తొక్కినా లాభం లేదు, విమానం పక్కకు తిరగబడుతుంది. ఇదంతా టేకాఫ్ అయిన కొన్ని సెకన్లలో, మూడు నాలుగు వందల అడుగుల ఎత్తులో, మన మే నెల ఎండలో, గాలి పల్చబడి ఇంజిన్ బలమూ రెక్క బలమూ రెండూ తగ్గి ఉన్నప్పుడు జరుగుతుంటే ఊహించుకోండి. పైలట్లలో ఒక నల్ల జోకు ఉంది. ఒక ఇంజిన్ పోయాక రెండో ఇంజిన్ దేనికయ్యా అంటే, ప్రమాదం జరిగే చోటుదాకా తీసుకెళ్లడానికి అట.

ఇంకో చిన్న లెక్క. ఇంజిన్లు రెండున్నప్పుడు, ఏదో ఒకటి ఆగిపోయే అవకాశం కూడా రెట్టింపు అవుతుంది. ఇది చెప్తే పెదనాన్న "లెక్కల మాస్టరువు కాకపోతివి" అనేవాడు.

మన దగ్గర డకోటాలు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చినది రాత్రి మెయిల్. 1949 జనవరిలో మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, నాలుగు ఊళ్ల నుంచీ విమానాలు రాత్రి బయలుదేరి నడిరాత్రి నాగపూర్‌లో కలుసుకునేవి. ఉత్తరాల సంచులు, ప్రయాణికులు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారి, ఎక్కడివక్కడికి తెల్లారేసరికి తిరిగి చేరేవి. ఢిల్లీలో సాయంత్రం పోస్టు చేసిన ఉత్తరం మద్రాసులో మర్నాడు పొద్దున అందేది. కొరియర్ యాప్‌లో "అవుట్ ఫర్ డెలివరీ" అని మూడు రోజులు చూసే మనం దీన్ని తక్కువ అంచనా వేయకూడదు. కానీ ఆ పని కోసం ఈ విమానాలు ప్రతి రాత్రీ చీకట్లో, ప్రతి రుతువులో లేవాల్సి వచ్చింది. 1953 డిసెంబరు 12 తెల్లవారుజామున నాగపూర్ నుంచి లేచిన డకోటా ఆ వెంటనే కూలిపోయింది. 13 మంది పోయారు. సిబ్బందిలో ఒక్కరే మిగిలారు. ఎనిమిది కంపెనీలూ కలిసి అప్పటికి నాలుగు నెలలు దాటిందంతే. మా ఇంట్లో నాగపూర్ మెయిల్ గొప్పలు చాలాసార్లు విన్నాను. ఈ రాత్రి గురించి పెదనాన్న ఒక్కసారీ ఎత్తలేదు.

లోహం అలసట గురించి ఎక్కువ చెప్పను, అది వేరే వ్యాసం అవుతుంది. 1945 జనవరి 31న ఆస్ట్రేలియాలో ఒక స్టిన్సన్ విమానం రెక్క గాల్లో ఊడి పదిమంది పోయారు. 1948 ఆగస్టు 29న అమెరికాలో వినోనా దగ్గర మార్టిన్ 2-0-2 రెక్క అలాగే ఊడి 37 మంది పోయారు. మొదటిది పాతది, రెండోది అప్పుడే కొత్తగా వచ్చిన మోడల్. రెండింటిలోనూ రెక్క మొదట్లో వెంట్రుకంత పగులు, ఎగిరిన ప్రతిసారీ కొంచెం పెరిగింది. ముందురోజు దాకా రెండూ గట్టి విమానాలే.

చివరికి మ్యూనిక్ దగ్గర ఆగాలి, ఎందుకంటే మా గ్రూపులో అవతలి వర్గానికి, "పైలట్ తప్పే" వర్గానికి, జవాబు ఇక్కడ ఉంది.

1958 ఫిబ్రవరి 6. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు బెల్‌గ్రేడ్‌లో మ్యాచ్ ఆడి తిరిగి వెళ్తోంది. పెట్రోలు కోసం మ్యూనిక్‌లో దిగారు. విమానం ఎయిర్‌స్పీడ్ అంబాసిడర్, రెండు ఇంజిన్లది. బయట మంచు పడుతోంది, రన్‌వే మీద సగం కరిగిన బురద మంచు. రెండుసార్లు టేకాఫ్ మొదలుపెట్టి, ఇంజిన్ శబ్దం తేడాగా ఉందని ఆపేశారు. ప్రయాణికులు దిగి మళ్లీ ఎక్కారు. మూడోసారి వేగం 117 నాట్లకు (నాట్ అంటే విమాన వేగపు కొలత) చేరింది. ఆ వేగం దాటితే ఇక ఆపడం కుదరదు, లేవాల్సిందే. అప్పుడు ముల్లు పెరగడం మానేసి 105కి పడిపోయింది. రన్‌వే అయిపోయింది. కంచె దాటి ఒక ఇంటికి గుద్దుకుంది. 44 మందిలో 23 మంది పోయారు, అందులో 8 మంది ఆటగాళ్లు.

కెప్టెన్ జేమ్స్ థెయిన్ బతికాడు. జర్మన్ విచారణ సంఘం రెక్కల మీద మంచు తీయించకపోవడం వల్ల ప్రమాదం జరిగిందని తేల్చింది, అంటే కెప్టెన్ నెత్తిన పెట్టింది. దానికి ఆధారాల్లో ఒకటి బయలుదేరే ముందు ఎవరో తీసిన ఫోటో. రెక్క మీద తెల్లగా కనిపిస్తోంది, మంచే అన్నారు. తర్వాత అసలు నెగెటివ్ తెప్పించి చూస్తే అక్కడ మంచు లేదు, అది వెలుతురు మెరుపు. థెయిన్ వదల్లేదు. బురద మంచు చక్రాలను పట్టి లాగుతుందని, వేగం ఎక్కువయ్యే కొద్దీ ఆ లాగుడు ఎంత పెరుగుతుందో అప్పటికి ఎవరూ సరిగా కొలవలేదని పరీక్షలు తేల్చాయి. జర్మన్లు మళ్లీ విచారించి మళ్లీ మంచే అన్నారు. చివరికి 1969లో బ్రిటిష్ కమిషన్ నివేదిక థెయిన్ తప్పు లేదని చెప్పింది. అప్పటికి పదకొండేళ్లు గడిచాయి. ఆయన పనిచేసిన విమాన కంపెనీ బీఈఏ ఆయన్ని ఎప్పుడో ఉద్యోగంలోంచి తీసేసింది. కో పైలట్‌కు తన సీటు ఇచ్చి కూర్చున్నాడన్నది కూడా ఒక కారణంగా చూపించారు. కోళ్ల ఫారం చూసుకుంటూ బతికాడు. 1975లో పోయాడు, యాభై దాటి ఎక్కువ ఏళ్లు కాలేదు.

నన్ను పట్టుకున్నది ఆ బురద మంచు. అంతకుముందు దాంట్లోంచి ఎన్నో విమానాలు లేచి ఉంటాయి. లేచిన ప్రతిదీ "ఏం ఫరవాలేదు" అని సాక్ష్యం చెప్పి వెళ్లింది. వాల్డ్ అక్కడ ఉంటే ఆ సాక్ష్యాన్ని ఎలా చదివేవాడో ఇప్పుడు మనకు తెలుసు. "పైలట్ తప్పు" అని రాసి ఫైలు మూసేస్తే బురద మంచును ఎవరు కొలుస్తారు? తర్వాత వచ్చే పైలట్ ఇంకా మంచివాడై ఉంటే సరిపోతుందనే ధీమాతో అదే రన్‌వే, అదే బురద, అలాగే ఉంటాయి. పైలట్లు తప్పులు చేయరని నేను అనడం లేదు. చేస్తారు, కొన్ని ఘోరమైనవి. కానీ తప్పు చేసినా బతికే ఏర్పాటు ఎందుకు లేదన్నది దానికంటే పెద్ద ప్రశ్న. ఆ ప్రశ్న వేసిన చోట్ల ఒక్కొక్కటిగా మార్పులు వచ్చాయి. 1935లో టీడబ్ల్యూఏ డీసీ-2 పొగమంచులో కూలి సెనేటర్ బ్రాన్సన్ కటింగ్ పోయినప్పుడు ప్రభుత్వ విమాన శాఖ కంపెనీని తప్పుపట్టింది, సెనేట్ కమిటీ తిరిగి ఆ శాఖనే తప్పుపట్టింది. ఆ కీచులాట ఫలితమే 1938 చట్టం, ప్రమాదాల విచారణకు వేరే బోర్డు. రూల్స్ పెట్టేవాడే విచారణ చేయకూడదన్న జ్ఞానం అక్కడ మొదలైంది.

కాబట్టి బావా, నీ డకోటా గట్టిదే. అల్యూమినియం ఒళ్లు నిజంగానే మొండిది, పెదనాన్న చేతులు ఇంకా మొండివి. ఈ రోజుకీ ఎగురుతున్న కొన్నిటిని చూసి పదివేల గురించి మాట్లాడకు, అంతే నేను అనేది. మన నాయనమ్మ వందేళ్లు బతికింది కాబట్టి ఆ కాలం తిండి మంచిదని నువ్వు అంటుంటావు చూడు, ఆవిడ పదకొండు మందిని కంటే అయిదుగురు మిగిలారని మాత్రం చెప్పవు. ఇది కూడా అంతే.

ఈ వ్యాసం సగం రాశాక పెద్దమ్మను చూడటానికి సికింద్రాబాద్ వెళ్లాను. పెదనాన్న సామాన్లలో ఇంకేమైనా మిగిలిందా అని అడిగితే అటక మీది ట్రంకు పెట్టె దింపించింది. రెండు రెంచీలు, ఒక ఫీలర్ గేజ్, నూనె వాసన ఇంకా పోని ఖాకీ గుడ్డ. అడుగున పొడుగాటి లెడ్జర్ పుస్తకం. ప్రతి పేజీలో వరసగా విమానాల నంబర్లు, వీటీ, వీటీ అంటూ, పక్కన తారీకు, తను విప్పి బిగించిన ఇంజిన్ ఏ వైపుదో, ఎన్ని గంటలు తిరిగిందో. చేతిరాత ముత్యాల్లా ఉంది. కొన్ని నంబర్ల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు.

"ఈ సున్నాలేంటి పెద్దమ్మా?"

ఆవిడ అద్దాలు పైకి జరుపుకుని చూసింది. "రేడియోల ఏదన్న విమానం పడ్డదని చెప్తే ఆ రాత్రి ఈ పుస్తకం తీస్తుండె. నంబరు దొరికితే ఎర్రగ గీస్తుండె. ఆ దినం అన్నం తినకపోతుండె. ఎందుకని అడిగితే ఏం చెప్పకపోతుండె."

పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పాను. ఆరు సున్నాలు.